స్పామ్‌కి భయపడి ఇంటర్వ్యూ కాల్‌ పోగొట్టుకోకండి

2021 మొదట్లో బోయిగూడలో, సికింద్రాబాద్‌ స్టేషన్‌ పదో నంబర్‌ ప్లాట్‌ఫామ్‌ వైపు, నలుగురం కలిసి రూమ్‌ తీసుకుని ఉద్యోగాలు వెతుక్కునేవాళ్లం. కనిపించిన ప్రతి జాబ్‌ పోర్టల్‌లో రెజ్యూమె పెట్టాను. వాకిన్‌కి వెళ్లిన ప్రతిచోటా రిజిస్టర్‌లో నంబర్‌ రాశాను. నెల తిరిగేసరికి లోన్‌ కావాలా, ప్లాటు కావాలా, కోర్సులో చేరతారా అంటూ రోజూ ఒకటే కాల్స్‌. విసుగొచ్చి, కాంటాక్ట్స్‌లో లేని నంబర్లన్నీ సైలెంట్‌లో పెట్టేశాను. రెండు రోజుల తర్వాత మెయిల్‌ తెరిస్తే ఒక హెచ్‌ఆర్‌ నుంచి రెండు లైన్లు: మూడుసార్లు ఫోన్‌ చేశాం, ఎత్తలేదు, స్లాట్‌ వేరేవాళ్లకి ఇచ్చేశాం అని. తప్పు వాళ్లది కాదు, నాదే.

అందుకే ‘తెలియని నంబర్లన్నీ బ్లాక్‌ చేసేయ్‌’ అనే సలహా ఉద్యోగం వెతుక్కునేవాళ్లకి పనికిరాదంటాను. మనకి కావాల్సిన కాల్‌ కూడా తెలియని నంబర్‌ నుంచే వస్తుంది కదా! అన్నీ మూసేయడం కాదు, ఏది ఏంటో గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

మొదట నంబర్‌ చూడండి. 140తో మొదలైతే అది ప్రచార కాల్‌. మొహమాటం లేకుండా కట్‌ చేయొచ్చు. 040 అంటే హైదరాబాద్‌ ల్యాండ్‌లైన్‌, ఆఫీసు నుంచి కావచ్చు, ఒకసారి ఎత్తండి. ఎస్సెమ్మెస్‌లకైతే ట్రాయ్‌ 2025 ఫిబ్రవరిలో చేసిన సవరణ ప్రకారం పంపినవారి పేరు చివర ఒక అక్షరం ఉంటుంది. ‘పి’ అంటే ప్రచారం, ‘ఎస్‌’ అంటే సర్వీసు, ‘టి’ అంటే లావాదేవీ, ‘జి’ అంటే ప్రభుత్వం.

రెండోది డీఎన్‌డీ. 1909కి ‘స్టార్ట్‌ 0’ అని ఇంగ్లిష్‌లో మెసేజ్‌ పెడితే ప్రచారాలన్నీ ఆపమని చెప్పినట్టే. ఓటీపీలు ఆగవు, భయం లేదు. అయినా మామూలు పదంకెల నంబర్‌ నుంచి ఎవరైనా అమ్మకానికి ఫోన్‌ చేస్తే, ఏడు రోజుల్లోపు 1909కి గానీ ట్రాయ్‌ డీఎన్‌డీ యాప్‌లో గానీ ఫిర్యాదు చేయొచ్చు. ఇలా రిజిస్టర్‌ కాని నంబర్లపై ఫిర్యాదుకి డీఎన్‌డీలో ఉండక్కర్లేదు. ‘ఎవడు పట్టించుకుంటాడు’ అని వదిలేయకండి. ఫిర్యాదులు పోగైతేనే ఆ నంబర్‌ మీద చర్య ఉంటుంది.

ఇక రాజకీయ మెసేజ్‌లు. 2021 మార్చి 14న మహబూబ్‌నగర్‌–రంగారెడ్డి–హైదరాబాద్‌ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక జరిగింది. 93 మంది పోటీ చేశారు. మా రూమ్‌లో సీనియర్‌ అన్న ఒకాయనకి అందులో ఓటుంది. ఆ నెలంతా ఆయన ఫోన్‌ మోగుతూనే ఉంది, అడక్కుండానే వాట్సాప్‌ గ్రూపుల్లో కలిపేశారు. ఆ సీటు ఆరేళ్ల గడువు 2027లో ముగుస్తుంది. డిగ్రీ అయి మూడేళ్లు దాటితే మీరూ ఓటరు కావచ్చు, అంటే మీ ఫోనూ మోగొచ్చు.

వీటిని 1909 ఆపలేదు. ట్రాయ్‌ నిబంధనలు వాణిజ్య కాల్స్‌, ఎస్సెమ్మెస్‌ల కోసం పెట్టినవి, వాట్సాప్‌ వాటి పరిధిలో లేదు. అలాగని అడిగేవాళ్లే లేరని కాదు. 2024 మార్చిలో లోక్‌సభ ఎన్నికల కోడ్‌ వచ్చాక కూడా ‘వికసిత భారత్‌’ వాట్సాప్‌ మెసేజ్‌లు జనానికి అందుతుంటే, వాటిని వెంటనే ఆపమని ఎన్నికల సంఘం కేంద్ర ఐటీ శాఖని ఆదేశించింది. ఎన్నికల టైములో బల్క్‌ ఎస్సెమ్మెస్‌లకి, వాయిస్‌ మెసేజ్‌లకి ముందస్తు అనుమతి కావాలి. అనుమానం ఉంటే 1950కి చెప్పండి. వాట్సాప్‌లో అయితే సెట్టింగ్స్‌, ప్రైవసీ, గ్రూప్స్‌లోకి వెళ్లి ‘మై కాంటాక్ట్స్‌’ పెట్టుకోండి. కొత్తవాళ్లెవరూ మిమ్మల్ని నేరుగా గ్రూపులో కలపలేరు.

రాజకీయాలు వద్దని నేననను. ఓటేయండి, అభ్యర్థి మీటింగ్‌ పెడితే వెళ్లి ప్రశ్నలడగండి. కానీ నా నంబర్‌ ఎవరిచ్చారని అడిగితే ఏ పార్టీ వాళ్లూ సూటిగా జవాబు చెప్పరు. చదువుకున్న ఓటర్లని గౌరవిస్తామనేవాళ్లు ముందు వాళ్ల అనుమతి అడగాలి. 2023లో వచ్చిన డిజిటల్‌ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్దేశమూ ఇదే: మన సమాచారం వాడాలంటే మన సమ్మతి కావాలి.

మనవైపు నుంచీ జాగ్రత్త కావాలి. షాపులో బిల్లుకి, లక్కీ డ్రాకి, ఫ్రీ వెబినార్‌కి నంబర్‌ అడిగితే ఇవ్వక్కర్లేదు. వీలైతే రెజ్యూమెకి వేరే సిమ్‌ పెట్టుకోండి. ఆ నంబర్‌కి వచ్చే ప్రతి కాల్‌ ఎత్తండి. ‘రిజిస్ట్రేషన్‌ ఫీజు కట్టండి, జాబ్‌ గ్యారంటీ’ అనే మెసేజ్‌ వస్తే సంచార్‌ సాథీలోని ‘చక్షు’లో రిపోర్ట్‌ చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్‌ చేయాలి.

ఈ సాయంత్రం ఒక పది నిమిషాలు కూర్చుని ఈ సెట్టింగులన్నీ మార్చుకోండి. రేపు పొద్దున వచ్చే తెలియని నంబర్‌ మీ మొదటి ఉద్యోగానిది కావచ్చు.