పెద్దలు లేని జట్టు

వార్షిక సంచికలో గెలిచినవారి ఛాయాచిత్రములు అచ్చువేయుట మన ఆనవాయితీ. షీల్డు చేతబట్టి నిలిచినవారు, వక్తృత్వపు పోటీలో ప్రథమ బహుమతి పొందినవారు, ముషాయిరాలో కైతట్టులు అందుకున్నవారు, వీరికే నున్నని కాగితము. ఓడిన జట్టును గురించి ఎవరూ వ్రాయరు. మేము ఈసారి అటువంటి జట్టును గురించి వ్రాయదలచినాము. అది మన కళాశాల జట్టు కాదు. మన నగరము పేరు పెట్టుకొని ఆరు సీజన్లు ఆడి, నేడు ఆ పేరే లేకుండ పోయిన హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్. మన కళాశాల జట్టు ప్రసక్తి చివర రాక తప్పదు. నిజమునకు ఈ వ్యాసము పుట్టినది అందువల్లనే.

మొదట లెక్క చెప్పుకొందము. 2023-24 ఇండియన్ సూపర్ లీగులో హైదరాబాద్ జట్టు ఆడిన ఆటలు 22. గెలిచినది ఒక్కటి. సమముగా ముగిసినవి 5, ఓడినవి 16. ఆ సీజను మొత్తములో చేసిన గోల్స్ 10, ప్రత్యర్థులకు ఇచ్చినవి 43. వచ్చిన పాయింట్లు 8. పన్నెండు జట్ల పట్టికలో స్థానము పన్నెండవది. ఈ అంకెలు చూచి నవ్వినవారు మన ఊరిలోనే ఎక్కువ. వారికి గుర్తున్నదో లేదో గాని, అంతకు రెండేండ్ల క్రితము, 2022 మార్చి 20న, ఇదే క్లబ్బు ఆ లీగుకు విజేత.

ఆ విజయము ఎట్లు వచ్చినదో తెలిసికొంటే ఈ ఓటమి ఎట్లు వచ్చినదో తేలికగా బోధపడును. 2019లో పుట్టిన ఈ క్లబ్బు మొదటి సీజనులో 18 ఆటలకు 10 పాయింట్లతో అట్టడుగున నిలిచినది. మరుసటి సంవత్సరము స్పెయిన్ దేశీయుడైన మనోలో మార్కెజ్ శిక్షకుడుగా వచ్చినాడు. ఆయన పేరుమోసిన భారతీయ ఆటగాళ్ల వెంట పడలేదు. ఎవరూ ఎరుగని కుర్రవాళ్లను మైదానములోకి దింపినాడు. ఎడమవైపు బ్యాక్ ఆకాశ్ మిశ్రాకు ఆ సీజను మొదలగునాటికి పందొమ్మిదేండ్లు నిండలేదు. కుడివైపు ఆశిష్ రాయ్, ముందు వరుసలో లిస్టన్ కొలాసో ఇరువదులు దాటి ఒకటి రెండేండ్లయినవారు. పత్రికలన్నీ ఆ యౌవనమును మెచ్చుకొన్నవి. మెచ్చుకొనవలసినదే. కాని ఆ కుర్రవాళ్ల నడుమ ఎవరున్నారో ఎక్కువమంది చూడలేదు. 2022 విజయపు సీజనులో 18 గోల్స్ చేసి లీగులోకెల్ల అగ్రగామిగా నిలిచిన బార్తలోమ్యూ ఒగ్బెచే వయసు 37. కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన తుదిపోటీ 1-1గా ముగిసి పెనాల్టీలకు పోయినప్పుడు, మూడింటిని ఆపి ఆట నిలబెట్టిన గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణికి 32. మధ్యలో జొవావ్ విక్టర్ వంటి ముదురు ఆటగాడు.

ఫుట్‌బాల్ ఆడని వారికి ఇక్కడ ఒక మాట విడమరచి చెప్పవలెను. పందొమ్మిదేండ్ల బ్యాక్ ఆటగానికి పరుగెత్తుటకు కాళ్లు ఉండును. పరుగెత్తకుండ ఆగుటకు కావలసినది వేరు. బంతి ఎదుటివైపు ఉన్నప్పుడు వాడు ఉత్సాహముగా ముందుకు దూసుకొనిపోవును. వాడు వదలిన చోట గుంట పడును. ఆ గుంటను చూచి, ప్రక్కకు జరిగి కప్పి, వానిని పేరు పెట్టి వెనుకకు పిలుచువాడు ఒకడు కావలెను. గోలు ఇచ్చిన తరువాత మొదటి అయిదు నిమిషములు బంతిని తొందరపడి తన్నకుండ, ప్రక్కవానికి, మరల ప్రక్కవానికి ఇచ్చి, జట్టు గుండెదడ తగ్గించువాడు కావలెను. ఒక గోలు ఆధిక్యముతో చివరి పది నిమిషములు గడపుట ఎట్లో ఏ పాఠ్యపుస్తకములోను లేదు. అది ప్రక్కన ఆడుచున్నవాని నోటినుండి, కంటి సైగనుండి రావలసినదే. మన పెద్దలు తాలీమ్ అన్న మాటను బడికీ కుస్తీ గోదాకూ కూడ వాడినది ఊరకే కాదు.

2023లో ఈ ఏర్పాటు చెడినది. మార్కెజ్ వెళ్లిపోయినాడు. ఆశిష్ రాయ్ అంతకు ముందే, ఆకాశ్ మిశ్రా ఆ వేసవిలో వేరు క్లబ్బులకు పోయినారు. దీనిని తప్పుపట్టము. పెరిగిన పిల్లవాడు మంచి జీతమునకు పోవుట లోకసహజము. కాని తరువాత జరిగినది వేరు. క్లబ్బులో డబ్బు అయిపోయినది. జీతములు అందలేదని ఆటగాళ్లు మొర పెట్టుకొన్నారు. బాకీల కారణముగా కొత్తవారిని చేర్చుకొనరాదని అంతర్జాతీయ సమాఖ్య నిషేధము విధించినది. 2024 జనవరి వచ్చుసరికి విదేశీయులలో జొవావ్ విక్టర్ తప్ప దాదాపు అందరూ, అనుభవమున్న భారతీయులలో పలువురు మూట సర్దుకొన్నారు. మిగిలినది రిజర్వు జట్టులో ఉండవలసిన పిల్లలు. అబ్దుల్ రబీహ్, మకన్ చోథే, రామ్‌హ్లున్‌ఛుంగా, అలెక్స్ సాజీ వంటి యువకులు ప్రతి వారము దేశములోని మేటి జట్లకు ఎదురు నిలువవలసి వచ్చినది. శిక్షకుడు థాంగ్‌బోయ్ సింగ్టో, షిల్లాంగ్ లజాంగ్ నాటినుండి యువకులతో పనిచేసినవాడు. ఆయన చేతికి జట్టును ఇచ్చినారనుట కంటె, కూలిన ఇంటిలో మిగిలిన సామాను అప్పగించినారనుట న్యాయము.

ఆ రోజులలో ఒక సాయంత్రము మేము అయిదారుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియమునకు వెళ్లితిమి. ప్రేక్షకులు పలుచగా ఉన్నారు. కూర్చున్నవారికంటె కుర్చీలే ఎక్కువ కనబడినవి. మొదటి అరగంట హైదరాబాద్ కుర్రవాళ్లు చక్కగా ఆడినారు. ఎదుటి జట్టులోని మేటి ఆటగాళ్లను వెంటాడి బంతి లాగుకొన్నారు. తరువాత ఒక గోలు పడినది. పడిన వెంటనే పదకొండుగురూ తలవంచుకొని తమ తమ చోట్లకు నడచినారు. మా ప్రక్కన కూర్చున్న పిల్లవాడు, మన కళాశాల గోల్‌కీపరు, చాలసేపు చూచి, “సర్, వాళ్లలో ఎవరూ అరవట్లేదేమిటి సర్?” అన్నాడు. ఆ ప్రశ్నకు అప్పుడు జవాబు చెప్పలేదు. రెండవ గోలు కూడ ఆ మౌనములోనే పడినది.

ఆ సీజనులోని ఒకే ఒక గెలుపు 2024 మార్చిలో చెన్నైలో వచ్చినది. చెన్నైయిన్ జట్టుపై 1-0. పట్టికలో దాని వల్ల ఏమియు మారలేదు. అప్పటికి లీగులో అట్టడుగు జట్టును క్రింది శ్రేణికి పంపు పద్ధతి కూడ లేదు గనుక, గెలిచినను ఓడినను ఒకటే. అయినను ఆ పిల్లలు ఆ రాత్రి ప్రాణము పెట్టి ఆ ఒక్క గోలు కాపాడుకొన్నారు. మేము ఆ ఆటను రెండు మార్లు చూచితిమి.

ఇక్కడ రెండు విధముల మాట వినబడును. పిల్లలలో పస లేదు అని ఒకరు. యువరక్తముతో కొత్త జట్టు కడుతున్నారు, ఓర్పు పట్టవలెనని మరొకరు. రెండవ మాట వినుటకు ఇంపుగా ఉండును. సభలలో చప్పట్లు కూడ పడును. కాని మాకు రెండును సమ్మతము కావు. పస లేకపోతే అదే వయసు పిల్లలతో అదే క్లబ్బు 2022లో గెలిచి ఉండదు. ఇక కట్టుట అందుమా, కట్టువాడు ముందు పునాది చూచుకొనును, మేస్త్రీని నిలుపుకొనును. ఇక్కడ జరిగినది యువకులపై నమ్మకము కాదు, వేరు గతి లేకపోవుట. గతిలేనితనమునకు నమ్మకమని పేరు పెట్టిన చోట మొదట నష్టపోవువారు ఆ యువకులే. ఓటమి లెక్కలు వారి పేరిట వ్రాయబడును గాని, జీతములు ఇవ్వనివారి పేరిట వ్రాయబడవు.

2024లో యాజమాన్యము మారినది. జట్టును ఆలస్యముగా, తొందరలో కూర్చినారు. అయినను కొంత తేరుకొన్న మాట నిజము. కలకత్తాలో మొహమ్మడన్ స్పోర్టింగ్‌పై 4-0 గెలిచినారు. మన తాతలు రేడియో ముందు కూర్చొని ఎవరి గెలుపు కోసము దువా చేసేవారో ఆ మొహమ్మడన్ క్లబ్బు ఓడిపోతే మన ఊరి జట్టు గెలిచిందని సంతోషించవలెనా, వద్దా అని మా ఇంటిలో ఆ రాత్రి పెద్ద చర్చ జరిగినది. సీజను నడుమ సింగ్టో వెళ్లిపోగా, రిజర్వు జట్టును తీర్చిన షమీల్ చెంబకత్ తాత్కాలికముగా బాధ్యత వహించినాడు. 24 ఆటలలో 4 గెలుపులు, 18 పాయింట్లు, పదమూడు జట్లలో పన్నెండవ స్థానము. ఎనిమిదినుండి పదునెనిమిది. మరి రెండేండ్లు ఓపిక పట్టితే ఏమయ్యెడిదో చూడవలసి ఉండెను. చూచు అవకాశము కలుగలేదు. 2025 అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకొన్నది.

పదునారు ఓటములను మేము క్షమింపగలము. ఈ తరలింపును మింగలేకున్నాము. ఇది సర్కారు దఫ్తరు బదిలీ కాదు. గచ్చిబౌలి మెట్లమీద ఆ కొద్దిమంది ప్రేక్షకులు రెండేండ్లు ఓటమిని చూచినది దేనికి?

ఈ నగరమునకు ఇటువంటి ఆట తెలియక కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ ఇక్కడివాడు. 1909లో పుట్టి, ఉస్మానియాలో చదివి, నగరములోని పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన మనిషి. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగవ స్థానము, 1962 జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణము, ఆయన చేతిమీదుగానే. క్యాన్సరుతో క్షీణించుచు ఆ జకార్తా జట్టును నడపి, 1963 జూనులో కన్నుమూసినాడు. ఇవన్నీ మనము సభలలో చెప్పుకొను మాటలే. చెప్పుకొననివి వేరున్నవి. ఆయన పిల్లలకు బంతిని కాళ్లలో త్రిప్పుట నిషేధించి పోటీలు పెట్టినాడు. బంతి అందిన వెంటనే తోటివానికి ఇచ్చి తీరవలెను. వాలుకాని కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టినాడు. సికింద్రాబాదు అమ్ముగూడకు చెందిన పేద కుర్రవాడు తులసీదాస్ బలరాం ప్రతిదినము హైదరాబాదు వచ్చుటకు దారిఖర్చు లేదన్నప్పుడు, సైకిలు బాడుగకు రహీం సాబ్ డబ్బిచ్చినాడని చెప్పుకొందురు. ఆ బలరాం ఇరువదేండ్లకు మెల్‌బోర్న్‌లో ఆడినాడు.

సిటీ పోలీసు జట్టు గుట్టు మరొకటి ఉన్నది. ఆటగానికి అక్కడ నౌకరీ ఉండెను. నౌకరీ ఉన్నవాడు సీజను ముగియగానే మూట కట్టుకొని పోడు. ఏండ్ల తరబడి అదే మైదానములో ఉండును. క్రొత్తగా వచ్చినవాడు వాని ప్రక్కన నిలిచి నేర్చుకొనును. జీతము నెల నెలా వచ్చుటకు, బ్యాకుల నడుమ అవగాహన కుదురుటకు సంబంధమేమని ఎవరైన అడిగితే, 2023-24 పట్టికను చూపవచ్చును.

ఇప్పుడు మన సంగతి. ఈ సంవత్సరము మన ఫుట్‌బాల్ జట్టు అంతర కళాశాలల పోటీలో మూడు ఆటలు ఆడి మూడును ఓడినది. ఇచ్చిన గోల్స్ పదకొండు. పరీక్షల దృష్ట్యా డిగ్రీ ఆఖరు సంవత్సరపు విద్యార్థులను ఆటకు పంపరాదని నిర్ణయించుటచే, దిగినవారిలో తొమ్మండుగురు ఇంటర్మీడియట్ పిల్లలు. ఆ నిర్ణయములో మేమును ఉన్నాము, తప్పు ఇతరుల మీదికి నెట్టము. ఇప్పుడు ఫుట్‌బాల్‌ను రెండేండ్లు ఆపి, ఆ పద్దును గ్రంథాలయమునకు బీరువాలు కొనుటకు మార్చవలెనను ప్రతిపాదన కమిటీ వారి ముందున్నది. బీరువాలు కావలసినవే. తెలుగు పుస్తకములు నేలమీద పేర్చి ఉన్న సంగతి, వానకాలము వాటి గతి, మాకంటె ఎవరికి తెలియును? అయినను ఈ ప్రతిపాదనకు మేము సమ్మతి తెలుపలేము. పిల్లలను ఒంటరిగా దింపినది మనము. ఓడినారని ఆట మాన్పించుటయు మనమే చేసినచో, గచ్చిబౌలిలో చేసినదానికి దీనికి తేడా కనబడదు.

మేము అడుగునది పెద్దది కాదు. ఆఖరు సంవత్సరపు విద్యార్థులలో ఇద్దరిని, చదువులో వెనుకబడనివారిని ఎన్నుకొని, ఆటలు లేని దినములలోనైనను వారమునకు మూడు సాయంత్రములు పిల్లలతో ఆడుటకు అనుమతించవలెను. ఫుట్‌బాల్ పద్దును ఈ ఏటి మేరకు యథాతథముగా ఉంచవలెను. మూడవది ఇంకను సులభము. మన కళాశాల వెనుక గల్లీలో పోలీసు శాఖనుండి రిటైరైన ఆటగాడొకరు ఉన్నారు. మోకాలు బాగులేదు గాని గొంతు బాగున్నది. అసర్ నమాజు తరువాత వచ్చి గంటసేపు కూర్చొని చూతునని ఒప్పుకొన్నారు. జీతము వద్దన్నారు. రానుపోను ఆటో కిరాయి మాత్రము ఇప్పించవలెనని కమిటీ వారికి మనవి. రోజుకు అరువది రూపాయలు అగును.