వంద మీటర్ల లెక్క

శంషాబాద్ విమానాశ్రయంలో చెక్-ఇన్ నుంచి గేటు దాకా నడవాలంటే మనకు విసుగు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్నవారికి అదే పరీక్ష. నరాల నిపుణుడు కర్ట్‌జ్కే 1983లో ఇచ్చిన ఈడీఎస్ఎస్ కొలమానంలో, వంద మీటర్లు నడవడానికి చేతికర్ర కావాల్సి వస్తే స్కోరు 6. ఎవరు ఎప్పుడు అక్కడికి చేరతారో ఖాయంగా చెప్పే పరీక్ష లేదు. వెన్నుపాములో మచ్చలు, తొలి ఏళ్లలోనే జబ్బు పదేపదే తిరగబెట్టడం, ముదిరిన వయసులో మొదలవడం, పొగతాగడం మాత్రం హెచ్చరికలు. (పొగ సంగతికి స్కానింగ్ అక్కర్లేదు, అడిగితే చాలు.) 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ జబ్బును వైకల్యాల జాబితాలో చేర్చింది. కానీ చేతికర్ర కనబడినట్టు ఈ జబ్బు తెచ్చే అలసట కనబడదు. కుర్రాడు వీల్‌చెయిర్ అడిగితే క్యూ అంతా వింతగా చూస్తుంది. ఆ మచ్చలను చూపే ఎంఆర్ఐలను క్రమం తప్పకుండా తీసే ఖర్చు ప్రభుత్వం భరిస్తే, నడక తడబడకముందే డాక్టరు మందు మార్చగలడు.