ఒక్కసారి ప్లేటు ఫిరాయిద్దాం

గ్రామఫోను మన ఇళ్ళలో నుంచి ఎప్పుడో వెళ్ళిపోయినా, దాని తాలూకు రెండు మాటలు మాత్రం మన నోళ్ళలో మిగిలిపోయాయి. చెప్పిందే చెప్పేవాణ్ణి అరిగిపోయిన రికార్డు అంటాము. నిన్న ఒకటి చెప్పి నేడు వేరొకటి చెప్పేవాణ్ణి ప్లేటు ఫిరాయించాడంటాము. ఈ రెండో మాట కూడా ఆ పెట్టె దగ్గర పుట్టిందేనని మా నాన్నగారు అనేవారు. రెండూ నిందావాక్యాలే. మొదటి నిందతో నాకు పేచీ లేదు. రెండవదానితోనే ఉన్నది. మనుషుల సంగతి ఎలా ఉన్నా, పాటల ప్లేట్ల విషయంలో మాత్రం ఫిరాయించకపోవడమే మనం చేసిన తప్పని నా అభిప్రాయం.

మా బాల్యం సికింద్రాబాదులోని లాలాగూడ రైల్వే క్వార్టర్సులో గడిచింది. నాన్నగారికి వర్క్‌షాపులో ఉద్యోగం. ఇంట్లో ఉన్న ఒకే ఒక విలాసవస్తువు కీ ఇచ్చి తిప్పే పెట్టె గ్రామఫోను. జీతాలందిన వారంలో ఆయన జేమ్స్ స్ట్రీటుకు వెళ్ళి, ఎంతో ఆలోచించి ఒక్క ప్లేటు కొనుక్కుని వచ్చేవారు. కొన్నప్పుడు రెండు వైపులా ఒకసారి వినేవాళ్ళం. ఆ తరువాత ఏ పాట కోసం కొన్నారో ఆ పాటే మోగేది. దీనికి కారణం అభిరుచి కాదు, ముల్లు. ఆ రోజుల ఉక్కు ముల్లు ఒక పక్క వాయిస్తే మొద్దుబారిపోతుంది. రెండో పక్కకు కొత్త ముల్లు వెయ్యాలి. కుక్కబొమ్మ రేకుడబ్బాలో ముళ్ళు 200. నాన్నగారు ఆ డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసేవారు. అమ్మ ఎప్పుడైనా, "ఏమండీ, ఆ వెనక పాట కూడా ఒకసారి వెయ్యండి" అంటే, "ఇంకో ముల్లు దండగ" అని ఆయన మూత దించేసేవారు. ముళ్ళకు వెరచి రెండో పక్కను వదులుకున్న కుటుంబాలు తెలుగునాట మాదొక్కటే అయి ఉండదు.

అసలు ప్లేటుకు రెండు పక్కలన్నవి మొదటినుంచీ లేవు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన నాటి రికార్డులకు ఒక పక్కనే పాట, రెండో పక్క నున్నగా ఉండేది. 1908లో కలకత్తా సియాల్దాలో గ్రామఫోను కంపెనీ కర్మాగారం వెలిసిన నాటికి రెండు పక్కల ప్లేట్లు వాడుకలోకి వస్తున్నాయి. పది అంగుళాల లక్క ప్లేటు, నిమిషానికి 78 చుట్లు, పక్కకు మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. ఇందులో గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఒక పాటకు గిరాకీ ఉన్నా సరే, ప్లేటు చెయ్యాలంటే రెండో పాట కావాలి. ఆ ఖాళీ పక్క లేకపోతే పుట్టకనే పోయి ఉండే పాటలు ఎన్నో ఉన్నాయి. రెండో పక్క అనేది మిగులు స్థలం కాదు. అవకాశం రానివారికి దొరికిన అవకాశం.

ఇది ఎటువంటి అవకాశమో తెలియాలంటే సినిమాతో సంబంధం లేని ప్రైవేటు రికార్డులను తలచుకోవాలి. 1940ల తొలినాళ్ళలో సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి కలిసి పాడిన లలితగీతాలకు తెర మీద బొమ్మ లేదు, కథ లేదు. ప్లేటే వాటి రంగస్థలం. శంకరంబాడి సుందరాచారి 1942 నాటి 'దీనబంధు' చిత్రం కోసం వ్రాసిన 'మా తెలుగు తల్లికి' గీతానికి ఆ చిత్రంలో చోటు దక్కలేదు. టంగుటూరి సూర్యకుమారి గొంతున గ్రామఫోను రికార్డుగా వచ్చిన తరువాతనే అది జనంలోకి వెళ్ళింది, అటుపిమ్మట ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమయింది. సినిమా కాదన్న పాటను ప్లేటు కాపాడింది. మరి ప్లేటు రెండో పక్కన ఉన్నదాన్ని కాపాడవలసినది ఎవరు? వినేవాడే కదా.

కరుణశ్రీ పద్యాలది మరొక సంగతి. 'పుష్పవిలాపం' ఘంటసాల పాడినంత మేరకైనా ఒక పక్క మూడు నిమిషాలలో ఇమిడేది కాదు. పువ్వుల మొర సగంలో ఆగిపోతే, లేచి ప్లేటు తిప్పి, ముల్లు మార్చి, మిగతా సగం వినవలసిందే. అక్కడ నాన్నగారు కూడా ముల్లుకు వెనకాడలేదు. తిప్పి తీరాలన్న అవసరం ఉన్నప్పుడు తెలుగువాడు శుభ్రంగా తిప్పాడు. అవసరం లేనిచోట కుతూహలం కొద్దీ తిప్పలేదు. నా ఫిర్యాదు అంతా ఇక్కడే.

ఒక పక్క 'రెండో పక్క' ఎలా అయిందని ఆలోచిస్తే, అందులో వినేవాడి తీర్పు తక్కువ, కాకతాళీయం ఎక్కువ అని తోస్తుంది. 1952లో కేస్కర్ మంత్రి అయిన తరువాత ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టింది. జనం సిలోను రేడియోకు చెవులప్పగించారు. 1957 అక్టోబరులో వివిధ భారతి వచ్చింది. రేడియోవారు ఏ పక్క వేస్తే అది ఊరంతా పాకేది. ఉత్తరాలు వ్రాసి కోరేవారు కూడా విన్న పాటనే కోరతారు కాని వినని పాటను ఎలా కోరతారు? పెళ్ళిపందిట్లో మైకుసెట్టువాడూ అదే పక్క వేసేవాడు. ఇలా మోగిన పక్కే మోగి మోగి అరిగింది. మోగని పక్క నిగనిగలాడుతూ మిగిలింది. పాత ప్లేటును వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడండి. ముందు పక్క గాడులు బూడిదరంగుకు తిరిగి ఉంటాయి. వెనక పక్క నల్లగా అద్దంలా ఉంటుంది. మన నిర్లక్ష్యానికి అంతకంటే నిక్కమైన సాక్ష్యం అక్కరలేదు.

మా పక్క క్వార్టర్సులో ఒక ఆంగ్లో ఇండియను కుటుంబం ఉండేది. వాళ్ళబ్బాయి దగ్గర చిన్న వినైలు రికార్డులు, నిమిషానికి 45 చుట్లవి, ఉండేవి. అతడు ఏ ప్లేటయినా రెండు పక్కలూ వేసి కాని తీసేవాడు కాదు. ఎందుకని అడిగితే 'రాక్ అరౌండ్ ద క్లాక్' కథ చెప్పాడు. బిల్ హేలీ పాడిన ఆ పాట 1954లో విడుదలైనప్పుడు వెనక పక్కనే ఉన్నది. ముందు పక్కన వేరే పాట. మరుసటి ఏడు 'బ్లాక్‌బోర్డ్ జంగిల్' అనే చిత్రంలో వాడుకున్న తరువాత ఆ వెనక పాటే ప్రపంచాన్ని ఊపేసింది. ఇటువంటిదే 1978లో గ్లోరియా గేనర్ పాడిన 'ఐ విల్ సర్వైవ్'. అదీ మొదట వెనక పక్క పాటే. అక్కడ ఎవడో ఒకడు ప్లేటు తిప్పాడు, అంతే. డబ్బు మాట కూడా ఒకటి చెప్పాలి. 1975లో క్వీన్ బృందం వారి 'బొహీమియన్ రాప్సొడీ' వెనక పక్కన డ్రమ్ములు వాయించే రోజర్ టేలర్ వ్రాసిన పాట ఉన్నది. ప్లేటు ఒకటే గనుక వెనక పాట వ్రాసినవాడికీ ముందు పాట వ్రాసినవాడితో సమానంగానే రాయల్టీ ముట్టింది. కొనేవాడు రెండు పక్కలకూ వెల ఇస్తాడు. వినేటప్పుడు మాత్రం ఒక పక్కతో సరిపెట్టుకుంటాడు.

మన దగ్గర 45 చుట్ల కాలం వచ్చేసరికి సినిమా ప్లేటు మీద సాధారణంగా పక్కకు రెండేసి చొప్పున నాలుగు పాటలు వచ్చేవి. పద్ధతి మారలేదు. ఒక పాట కోసం కొనడం, మిగతా మూడింటిని భరించడం. పిఠాపురం నాగేశ్వరరావు, మాధవపెద్ది సత్యం, ఎ.పి. కోమల, కె. జమునారాణి వంటివారి పాటలు ఎన్ని ఆ 'మిగతా' లెక్కలో పడిపోయాయో! ఆ తరువాత కాసెట్టు వచ్చి ఆ మిగతాను కూడా కోసి పారేసింది. ఘంటసాల హిట్సు, సుశీల హిట్సు అని పేర్లు పెట్టి, ఒక ప్లేటు మీద పక్కపక్కన పుట్టిన పాటలను విడదీసింది.

ఇతరులను అనడం దేనికి, ఈ పాపంలో నా వాటా పెద్దది. 1986లో మేము ఫ్లాటుకు మారేటప్పుడు, ప్లేట్లు మొయ్యలేక, వాటిని కాసెట్లలోకి ఎక్కించి పెట్టమని ఒక దుకాణంలో ఇచ్చాను. ఏ పాటలు కావాలో చీటీ వ్రాసి ఇచ్చింది నేనే. అందరికీ తెలిసిన పాటలన్నీ వ్రాశాను. రెండో పక్కలు ఒక్కటీ వ్రాయలేదు. పెట్టె నగిషీ నచ్చిన పాత సామాన్ల వర్తకుడు గ్రామఫోనును కొనుక్కుంటూ ప్లేట్లను ఊరికే పట్టుకుపోయాడు. చీటీ వ్రాసేటప్పుడు అమ్మను ఒక మాట అడగాలని నాకు తోచలేదు.

చాలా ఏళ్ళ తరువాత ఒక సాయంత్రం అమ్మ కూర ఏరుకుంటూ ఏదో కూనిరాగం తీసింది. ఎక్కడిదే అని అడిగాను. "మీ నాన్నగారు ముళ్ళు దాచుకునేవారు చూడు, ఆ ప్లేటు వెనక పాట" అన్నది. పల్లవి సగమే గుర్తున్నది ఆవిడకు. ముందు పక్కన ఉన్న లలితగీతం నాకు బాగా తెలుసు. ఇంటర్నెట్టులో వెదికితే అయిదుచోట్ల దొరికింది. శ్రద్ధగా వింటే, అయిదింటిలోనూ రెండో చరణం మధ్యలో ఒకేచోట 'టక్' మన్నది. అంటే అయిదుగురు ఎక్కించినా ప్లేటు ఒక్కటే. ఎవరో ఏనాడో కాసెట్టులోకి దించుకున్న ఒక పక్కకు అవి నకళ్ళు. వెనక పాట ఎవరి దగ్గరా లేదు. వాళ్ళందరూ నేను వ్రాసిన చీటీనే వ్రాశారు.

వెనక పక్కలన్నీ మాణిక్యాలేనా అని మీరు అడగవచ్చు. కావు. పక్క నింపడానికి చుట్టిన పాటలు కోకొల్లలు. మరిచిపోదగినవే ఎక్కువ అన్నా ఒప్పుకుంటాను. కాని విని మరిచిపోవడం వేరు, వినకుండా పారవెయ్యడం వేరు. మొదటిది విమర్శ, రెండవది ఉపేక్ష. తాళపత్రం చేతికి వస్తే ఒక వైపు వ్రాత మాత్రం చదివి, రెండో వైపు అనవసరమని వదిలిపెట్టిన పండితుణ్ణి మనం క్షమిస్తామా? 78 చుట్ల ప్లేటు మన పాటకు తాళపత్రమే, కాకపోతే కింద పడితే పగిలే తాళపత్రం.

ఈ పని చేసినవారు లేకపోలేదు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారు వేలకొద్దీ ప్లేట్లు సేకరించి వాటి గురించి తెలుగులో వ్రాశారు. బొంబాయిలో 1990లో రికార్డు సేకర్తల సంఘం ఏర్పడింది. అయితే కొద్దిమంది మహానుభావుల ఇళ్ళ మీద ఒక భాష సంగీతమంతా ఆధారపడి ఉండడం క్షేమం కాదు. అటకల మీద, పాత ట్రంకుపెట్టెల్లో ఉన్న ప్లేట్ల వంతు మనది.

అందుకు నేను కోరేది స్వల్పం. మీ ఇంట్లో ప్లేటు ఉండి, కంప్యూటరులోకి ఎక్కించే అవకాశం ఉంటే, రెండు పక్కలూ ఎక్కించండి. రెండు లేబుళ్ళకూ ఫొటో తియ్యండి. పాడినవారు, వ్రాసినవారు, సంగీతం కూర్చినవారి పేర్లు చాలా పాటలకు ఆ కాగితం మీద తప్ప మరెక్కడా లేవు. లేబులు అంచున లక్కలో గీసి ఉండే అంకెలను కూడా రాసి పెట్టుకోండి. ఒక్కొక్క పక్కకు ఒక్కొక్క అంకె ఉంటుంది, పాట జాతకం అందులో ఉన్నది. గీరుడు చప్పుడు పోగొట్టే ప్రయత్నం నకలు మీద చెయ్యండి, అసలు మీద వద్దు. ఇక హక్కుల మాట. మన చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీద హక్కు విడుదలైన తరువాత 60 ఏళ్ళు. ఆ లెక్కన 78ల కాలపు తెలుగు ప్లేట్లలో అధికభాగానికి ఆ గడువు దాటిపోయింది. రచన మీద హక్కు రచయిత పోయిన తరువాత 60 ఏళ్ళు. 1992లో కాలం చేసిన కరుణశ్రీ గారి పద్యాలకు 2052 దాకా ఉన్నది. కనుక నలుగురికీ పంచేముందు ఆ సంగతి చూసుకోండి. భద్రపరచడానికి మాత్రం ఆగకండి, లక్క మన గడువులు చూసి పగలదు.

ఫోనులో వినే పాటకు వెనక పక్క లేదు. అడిగినదే వస్తుంది, అడగనిది రాదు. కొన్నదానితో పాటు కోరనిది ఒకటి ఇంటికి రావడమనే ఆచారమే పోయింది. ఆ ఆచారం పుణ్యమాని మా అమ్మకు ఒక పాట దక్కింది. నాన్నగారు కోరి తెచ్చుకున్న పాట అయిదుచోట్ల మోగుతున్నది. ఆవిడ కోరిన పాట సగం పల్లవిగా ఆవిడతోనే వెళ్ళిపోయింది. దాని పేరు కూడా నాకు తెలియదు. మా ఇంట్లో దాన్ని 'వెనక పాట' అనే అనేవాళ్ళం. ఏ అటక మీదనో ఆ ప్లేటు ఇంకా పగలకుండా ఉన్నదనే నా ఆశ. మీ చేతికి ఏ ప్లేటు వచ్చినా, ఒక ముల్లు దండగైతే అయింది, ఒక్కసారి ఫిరాయించి వినండి.