పిల్లల వేసవికి సాళ్లు తోలకండి

పై వీడియోలో వానకి ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లడం చూశారు కదా. పోయిన ఏడాది వీడియోల్లో కనపడిన మా పిల్లలు ఈసారి ఎక్కడా లేరేమని కొంతమంది ఫోన్ చేసి అడిగారు. ఆ సంగతే ఈరోజు చెప్తా.

2025లో మన రెండు రాష్ట్రాల్లోనూ బడులకి ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు. 49 రోజులు. అన్ని రోజులు వృథా అయిపోతాయని నాకు భయం. పొద్దున్నే వ్యాన్ ఎక్కించి టౌన్‌లో సమ్మర్ క్యాంప్‌కి పంపాను. స్పోకెన్ ఇంగ్లిష్, అబాకస్, కరాటే. సాయంత్రం తోటకి తీసుకెళ్లి జీవామృతం వీడియో. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి... మా పాప కెమెరా ముందు గడగడా చెప్పేది. తడబడితే మళ్లీ చెప్పించేవాణ్ణి. ఆ వీడియో బాగా ఆడింది. నాకూ సంబరమే.

ఒకరోజు తోటకి రమ్మంటే "నాన్నా, ఇవాళ వీడియో ఉందా? లేకపోతే వస్తా" అంది. తొమ్మిదేళ్ల పిల్ల. నాకు నోట మాట రాలేదు. తోట మీద ఇష్టం పెంచుతున్నా అనుకున్నా, ఉన్న ఇష్టాన్ని నేనే తీసేస్తున్నానన్నమాట.

అందుకే ఈ వేసవిలో క్యాంప్ లేదు, కెమెరా లేదు, టైంటేబుల్ లేదు. "మరి భూమిని ఖాళీగా ఉంచకూడదని నువ్వే చెప్తావు, పిల్లల్ని ఖాళీగా ఉంచుతావా?" అని ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్నే. నేను ఖాళీగా వదల్లేదు. నవధాన్యాల్లో ఏం చేస్తాం? జొన్న, సజ్జ, కంది, పెసర, అలసంద, నువ్వు, జనుము, ఇలా పదిహేను ఇరవై రకాలు కలిపి చల్లుతాం. పైన ఆకులూ చెత్తా కప్పుతాం. ఏది ఎక్కడ మొలవాలో మనం చెప్పం. రోజూ తవ్వి మొలిచిందా లేదా అని చూడం. పిల్లల సెలవులూ అంతే. చుట్టూ మనుషులు, చెట్లు, గొడ్లు, మట్టి ఉండాలి. సాళ్లు మాత్రం మనం తోలకూడదు.

సుఖంగా జరిగిందని చెప్పను. మొదటి పది రోజులు "బోర్ కొడుతోంది" అన్న మాటే. ఫోన్ కోసం ఏడుపులు. వాళ్ల ఫోన్ ఆపాలంటే ఇంట్లో ఉన్నంతసేపు నాదీ బీరువాలో పెట్టాల్సి వచ్చింది. కష్టం నాకే ఎక్కువైంది. తర్వాత ఇద్దరూ కలిసి పశువుల తొట్టి దగ్గర కాలువ తవ్వారు, చెరువు కట్టారు, నేను పోసుకున్న బంతి నారు సగం పీకి దాని గట్టు మీద నాటారు. నేను కేకలేస్తే మా అమ్మ "నువ్వు చేసినవాటిలో ఇది పదో వంతు కాదురా" అంది. నారు పోయింది. కానీ నీళ్లు పల్లానికి ఎలా పోతాయో, ఎక్కడ ఇంకుతాయో వాళ్లకి ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

వదిలేయడమంటే పట్టించుకోకపోవడం కాదు. మా ఇంట్లో నాలుగు కట్టుబాట్లు ఉన్నాయి. పెద్దవాళ్లు లేకుండా పంట కుంట, బావి దగ్గరికి పోకూడదు. మోటారు స్టార్టర్ ముట్టుకోకూడదు. మల్చింగ్ కింద, గడ్డివాములో చేతులు పెట్టకూడదు, పాములూ తేళ్లూ ఉంటాయి. 11 నుంచి 4 దాకా ఎండలోకి వద్దు. ఇక డ్రమ్ముల మూతలు బిగించడం మన పని. అగ్నిఅస్త్రంలో పొగాకు, పచ్చిమిర్చి ఉంటాయి. మనం చేసుకున్న కషాయమే కదా అని పిల్లలకి అందేలా పెట్టకండి.

ఇంకో మాట, మగవాళ్లకి. పిల్లలు ఇంట్లో ఉంటే ఆ భారమంతా ఇంట్లో ఆడవాళ్ల మీద పడుతుంది. మే నెలలో మధ్యాహ్నం మనకీ పొలం పని ఉండదు. ఆ ఐదు గంటలు పిల్లల బాధ్యత నేను తీసుకున్నా. మా ఆవిడ, అమ్మ కాస్త నడుం వాల్చారు. ఇది చేయలేకపోతే సెలవుల గురించి గొప్పలు చెప్పే హక్కు మనకి లేదు. ఇద్దరూ కూలికి పోయే ఇళ్లలో పిల్లలకి భద్రమైన క్యాంప్ దొరికితే అదే మేలు, వాళ్లని తప్పు పట్టను.

బడి తెరవడానికి ఇంకో రెండు వారాలుంది. తొలకరి పడితే ఆరుద్ర పురుగులు వస్తాయని నానమ్మ చెప్పిందట, మొదట ఎవరికి కనపడతాయో అని ఇద్దరికీ పందెం. నన్నూ రమ్మన్నారు. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్తా. ఆ వీడియో మాత్రం మీకు ఉండదు, ఏమీ అనుకోకండి.