కూతురి జబ్బును కొంగున ముడివేసుకోకండి



తొలకరి వాన పడగానే మన వజ్రకరూరు చేలల్లో వజ్రాల కోసం వెతికేవారిని ఏటా చూస్తుంటాం. రాయి దొరికినవారు ఎవరికీ చెప్పకుండా కొంగున ముడివేసుకొని వెళ్ళిపోతారు. మన తల్లులు చాలామంది కూతురికి వచ్చిన జబ్బును కూడా అలాగే ముడివేసుకుంటున్నారు. ముఖ్యంగా క్షయ, అంటే టి.బి. విషయంలో. ఈ దాపరికం వల్ల మందు చెడుతుంది, తల్లీకూతుళ్ళ మధ్య మాట కూడా చెడుతుంది.

ఇది చాలా ఇళ్ళలో జరిగేదే. కొత్తగా కాపురానికి వెళ్ళిన అమ్మాయికి దగ్గు తగ్గదు, సాయంత్రం జ్వరం, మనిషి చిక్కిపోతుంది. తెమడ పరీక్షలో క్షయ అని తేలగానే, "మీ అమ్మ దగ్గరుండి బాగు చేసుకొని రా" అని అత్తవారు పంపేస్తారు. తల్లి కాదనదు. కానీ ఆ రోజే ఇంట్లో అబద్ధం మొదలవుతుంది. ఇరుగుపొరుగుకు "రక్తం తక్కువైంది" అని చెబుతారు. దగ్గరి ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితంగా ఇస్తారని తెలిసినా, ఊరికి తెలుస్తుందని గుంతకల్లుకో ఉరవకొండకో పోయి కొంటారు. చేతిలో డబ్బు అయిపోతే మాత్రలు ఆగిపోతాయి.

తల్లి ఇదంతా ప్రేమతోనే చేస్తుంది. కూతురికి మాత్రం అది వేరుగా అర్థమవుతుంది. "నా వల్ల అమ్మకు తలవంపులు" అనుకుంటుంది. ఒక బిడ్డకు తల్లి అయిన మనిషిని అయిదేళ్ళ పిల్లలా చూసి, ప్రతి ముద్దా లెక్కపెడితే విసుక్కుంటుంది. "నీ కోసమే కదా నేను చస్తున్నది" అని తల్లి అంటుంది. తరువాత ఇద్దరూ చెరొక గోడవైపు తిరిగి ఏడుస్తారు. పాలు, గుడ్డు కూతురికి పెట్టి తాను మజ్జిగన్నంతో సరిపెట్టుకునే ఆ తల్లి, తన దగ్గును మాత్రం చూపించుకోదు.

ఒకప్పుడు క్షయ వస్తే ఇల్లు విడవవలసిందే. మన రాయలసీమలోనే, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో, అనేక మిషనులు కలిసి 1915లో క్షయ శానిటోరియం తెరిచాయి. డాక్టర్ ఫ్రిమాట్ మోలర్ గారు అక్కడ సేవ చేశారు. రోగులు నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండేవారు. 1956లో మద్రాసులో మొదలైన ఒక పరిశోధన ఈ పద్ధతిని మార్చింది. సరిగా మందులు వాడితే ఇంట్లో ఉన్నవారికి కూడా శానిటోరియంలో ఉన్నవారిలాగే నయమవుతుందని, ఇంటివారికి అదనంగా ముప్పు ఉండదని తేలింది. ఆ విధంగా వైద్యం బిడ్డను తిరిగి తల్లి దగ్గరకు చేర్చింది. మనం ఒకే ఇంట్లో ఉండి మళ్ళీ ఎందుకు దూరం కావాలి?

"ఊరికి తెలిస్తే దాని బ్రతుకేమి కాను?" అని తల్లులు అడుగుతారు. ఆ భయం ఉత్తది కాదు. కాబట్టి ఊరంతటికీ చాటమని నేననను. ఎవరికి చెప్పాలో కూతురినే అడగండి. జబ్బు ఆమెది, ఆ మాట కూడా ఆమెదే. అయితే మందులిచ్చేవారికి, కలిసి ఉండే ఇంటివారికి నిజం తెలియాలి. వారు కూడా పరీక్ష చేయించుకోవాలి, అందరికన్నా ముందు తల్లి. మాత్రలు కూతురి చేతికే ఇవ్వండి. సాధారణ క్షయకు మందు ఆరు నెలలు. దగ్గు తగ్గిందని మధ్యలో మానరాదు. కంచం, గ్లాసు వేరు పెట్టనక్కరలేదు, క్షయ గాలి ద్వారా సోకుతుంది గాని కంచం ద్వారా కాదు. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకొని, కిటికీలు తెరిచి ఉంచితే మంచిది. పేరు నమోదు చేయించుకుంటే పోషకాహారానికి ప్రభుత్వం బ్యాంకు ఖాతాలో డబ్బు వేస్తుంది. 2018లో నెలకు 500 రూపాయలుగా మొదలైన ఈ సాయాన్ని 2024 నవంబరు నుండి 1000 రూపాయలు చేశారు. పూర్తిగా నయమైన అమ్మాయి కాపురం చేసుకోవచ్చు, పిల్లలను కనవచ్చు.

అత్తవారికీ ఒక మాట. కోడలిని పంపేసి చేతులు దులుపుకోవడం వైద్యం కాదు. రూతు, నయోమి ఒకరినొకరు విడువలేదు. వారానికొకసారి వెళ్ళి పలకరించండి.

మత్తయి సువార్త 15వ అధ్యాయంలో కనాను స్త్రీని చూడండి. ఆమె కూతురి బాధను దాచలేదు. శిష్యులు పంపివేయమన్నా వెనుదిరగక, అందరి ఎదుట ప్రభువును వేడుకొన్నది. ఆమె కూతురు బాగుపడింది.

తల్లీ, ఈ రాత్రి బిడ్డ ప్రక్కన కూర్చొని, "నీకు జబ్బు చేసినందుకు నాకు సిగ్గు లేదమ్మా" అని ఒక్క మాట చెప్పండి. రేపు ఉదయం ఇద్దరూ కలిసి మందులకు రండి.

ప్రభువు మీ కుటుంబములకు తోడైయుండును గాక.