"బుక్కు ఎవడు చూస్తాడండీ" అనే మేస్త్రీలకి

ఈసారి పంట గురించి కాదు, పంట మోసే బండి గురించి. కొంచెం పెద్ద పోస్టు. చదివాక కొంతమందికి నా మీద కోపం కూడా రావొచ్చు, రానివ్వండి.

మన రాజయ్యపేట చుట్టుపక్కల సొంత లారీ ఉన్న రైతులు తక్కువే. కానీ లారీతో పని లేని రైతు ఎవడున్నాడు? సరుగుడు కర్ర కదలాలన్నా, చెరుకు గానుగకి చేరాలన్నా, బెల్లం దిమ్మలు అనకాపల్లి మార్కెట్టుకి పోవాలన్నా బండే దిక్కు. నక్కపల్లి దగ్గర హైవే మీద లోడు బండి ఆగిపోతే డ్రైవరు టీ కొట్టు వెతుక్కుంటాడు, ఓనరు ఫోన్లో అరుస్తాడు. కోసిన చెరుకు ఎండి తూకం పడిపోయేది మాత్రం రైతుకి. అందుకే ఈ విషయంలో మాట్లాడే హక్కు మనకీ ఉంది.

నాకు ఒళ్ళు మండేది ఒక్క మాట దగ్గర. "బుక్కు ఎవడు చూస్తాడండీ, ముప్పై ఏళ్ళ నుంచి చేస్తన్నాం, మాకు తెలీదేటి?"

తెలుసు. పాత టాటా 1210లు, లేలాండ్ కామెట్లు తెలుసు. బెజవాడ ఆటోనగర్‌లో, గాజువాక ఆటోనగర్‌లో ఏ బుక్కూ చూడకుండా ఇంజను మొత్తం విప్పి మళ్ళీ కట్టిన చేతులకి ఎవరైనా దండం పెట్టాల్సిందే. కానీ ఆ ముప్పై ఏళ్ళ అనుభవం ఏ బండి మీద వచ్చింది? 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మేవన్నీ బీఎస్6 బళ్ళు. వాటి పొగగొట్టంలో ఉన్న సరంజామా పాత బళ్ళలో లేనే లేదు. లేని వస్తువు మీద అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ముందు మనకి సంబంధించిన సంగతే చెప్తాను. ఈ కొత్త లారీలకి డీజిల్ ట్యాంకు పక్కన ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది. అందులో పోసేది డెఫ్. డ్రైవర్లు దాన్ని యూరియా ట్యాంకు అంటారు, చిక్కంతా ఆ పేరుతోనే వచ్చింది. అందులో యూరియా 32.5 శాతం, మిగతాది ఖనిజాలు లేని శుద్ధమైన నీళ్ళు. పొగలోకి అది చిమ్మితే వేడికి అమ్మోనియా అవుతుంది, ఆ అమ్మోనియా పొగలోని విషవాయువుని నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. ఇంతే దాని పని.

ఇప్పుడు మన అనుభవశాలి ఏమంటాడు? "యూరియాయే కదా, కట్ట తెచ్చి నీళ్ళలో కలిపేస్తే పోద్ది." పోద్ది, బండే పోద్ది. మనకిచ్చే 45 కేజీల కట్టలో ఉన్నది పొలం యూరియా. 2015 నుంచి దేశంలో యూరియా అంతా వేపనూనె పూతతోనే వస్తోంది. బైయూరెట్ అనే మలినం పొలం యూరియాలో ఒకటిన్నర శాతం దాకా ఉండొచ్చు, డెఫ్‌లో 0.3 శాతం దాటకూడదు. పైగా కలిపేది బోరు నీళ్ళు. మన సముద్రం ఒడ్డు బోరు నీళ్ళ రుచి నేను చెప్పాలా? ఉప్పు, నూనె, మలినం అన్నీ కలిసి ముందు చిమ్మే ముక్కుని మూసేస్తాయి, తర్వాత లోపలున్న ఖరీదైన డబ్బాని పాడుచేస్తాయి. కంప్యూటరు అది కనిపెట్టి ఇంజను బలం తగ్గించేస్తుంది. లోడుతో ఉన్న బండి నత్తలా పాకుతుంది.

ఇంకో సంగతి. 2025 ఖరీఫ్‌లో ఒక్క కట్ట యూరియా కోసం మన వాళ్ళు ఎంతసేపు లైన్లలో నిలబడ్డారో అందరూ చూశారు. సబ్సిడీ కట్టని పంటకి కాకుండా పక్కదారి పట్టించడం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, నారుకి అందాల్సింది తీసుకెళ్ళి లారీ ట్యాంకులో పోసేవాడిని "తెలివైనోడు" అని మెచ్చుకునే రైతుని ఏమనాలో నాకు తెలీట్లేదు.

రెండోది థర్మోస్టాట్. "మన ఎండలకి ఇదెందుకండీ" అని పీకి అవతల పారేస్తారు. ఇంజను వేడెక్కకుండా చూడటమే దాని పని అనుకుంటారు. అది ఇంజనుని సరైన వేడికి త్వరగా తెచ్చి అక్కడ నిలబెడుతుంది కూడా. తీసేస్తే ఇంజను చల్లగా తిరిగి డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్ త్వరగా పాడవుతుంది. బండి వేడెక్కితే అసలు కారణం రేడియేటర్లో ఉండొచ్చు. కూలెంటు బదులు అదే బోరు నీళ్ళు పోసి పోసి లోపల పాచి కట్టించింది ఎవరు మరి?

మూడోది బ్రేకులు. పాత బళ్ళకి స్లాక్ అడ్జస్టర్ చేత్తో బిగించేవాళ్ళు, అది సరైన పనే. ఇప్పుడు చాలా బళ్ళకి దానంతటదే సర్దుకునేది వస్తోంది. అది వదులైందంటే ఎక్కడో ఏదో అరిగిందని, చెడిందని అర్థం. మన మేస్త్రీ పాత అలవాటుగా రెంచీ పెట్టి బిగించి "అయిపోయింది, పట్టుకెళ్ళు" అంటాడు. జబ్బు అలాగే ఉంటుంది, నొప్పి మాత్రమే తగ్గుతుంది. ఆ బండే రేపు పాడేరు ఘాట్ దిగుతుంది. డ్రైవరు డీజిల్ మిగులుద్దని న్యూట్రల్‌లో వదిలాడా, ఇంక కింద ఉన్నవాళ్ళ అదృష్టం. ఎక్కిన గేరులోనే దిగాలని బుక్కూ చెప్తుంది, పాతకాలం డ్రైవరూ చెప్తాడు. ఇద్దరూ ఒకటే చెప్తుంటే ఈ న్యూట్రల్ అనుభవం ఎవరిదో!

అలాగని బుక్కు దేవుడనడం లేదు. మన ఉప్పుగాలి, ఇసుక, ఓవర్‌లోడు బుక్కులో పూర్తిగా ఉండవు. కఠిన పరిస్థితుల్లో తిరిగే బండికి గడువు తగ్గించమని మాత్రం అదే రాస్తుంది. ఎంత తగ్గించాలో చెప్పేది అనుభవమే. ఎయిర్ ట్యాంకులో నీళ్ళు రోజూ తియ్యమంటే, మన తేమకి పొద్దున్నా సాయంత్రం కూడా తియ్యాలి. ఇసుకలో తిరిగే బండికి గ్రీజు ముందే కొట్టాలి. గనుల దగ్గర పాకే టిప్పరుకి కిలోమీటర్లు తక్కువ తిరుగుతాయి, ఇంజను మాత్రం రోజంతా ఆడుతుంది. దానికి గంటల లెక్కే సరైనది. ఇది మనకి కొత్త కాదు, ట్రాక్టరు కొన్నప్పుడు మొదటి సర్వీసు 50 గంటలకి అని చెప్తే చేయించలేదా? ట్రిప్పు అయ్యాక చెయ్యి దగ్గర పెట్టి ఏ చక్రం కాలుతోందో చూసేవాడు, రాడ్డుతో కొట్టి టైరు శబ్దం వినేవాడు నిజమైన మేస్త్రీ. ఆ విద్య ఏ బుక్కులోనూ దొరకదు.

కాబట్టి నేను పట్టుకున్న లెక్క ఇది. బుక్కు చెప్పినదానికంటే ముందు చెయ్యమనే అనుభవాన్ని నమ్ముతాను. బుక్కు చెప్పినదానికంటే లేటుగా చెయ్యి, తీసెయ్యి, వేరేది పొయ్యి అనే అనుభవాన్ని నమ్మను. మొదటిది బండి చూసి వచ్చింది, రెండోది జేబు చూసి వచ్చింది.

కంపెనీలనీ వదలను. లక్షలకి లక్షలు తీసుకుని ఇచ్చే ఆ బుక్కు ఇంగ్లీషులో ఉంటే మన గుంటడు ఏం చదువుతాడు? అది ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా డాష్‌బోర్డులో పడి ఉంటుంది. పురుగుమందు డబ్బాతో వచ్చే కాగితం మీదైనా తెలుగు ఉంటోంది కదా, ఇంత బండికి ఎందుకుండదు? కొనేటప్పుడే తెలుగు బుక్కు ఇస్తేనే బేరం అని షోరూములో అడగండి. ఇప్పటికే ఎవరి దగ్గరైనా ఉంటే, బ్రేకుల పేజీ, ఆయిల్ పేజీ, డెఫ్ పేజీ ఫొటోలు తీసి పంపండి. ఈ పేజీలోనే పెడతాను.