శాసనసభ్యుల మరియొక విధి

2020 మార్చి 25న కరోనా మహమ్మారి వలన దేశమంతట నిర్బంధము విధింపబడిన నాటినుండి తెలంగాణలోని ములుగు శాసనసభ్యురాలు సీతక్క వాగులు దాటి, అడవిదారుల నడచి, ఆదివాసి గూడెములకు బియ్యమును కూరగాయలను చేర్చుట శ్లాఘనీయము. అయితే అన్నముతోపాటు మహమ్మారి స్థానిక స్థితిని గూడ గడపగడపకు తెలుపుట శాసనసభ్యుల విధియనుట మన రాష్ట్రమున నాటికి ఆచారము కాలేదు. రాష్ట్రోన్నత న్యాయస్థానము పలుమారులు మందలించిన పిదప గాని ప్రభుత్వ ప్రకటనలలో వివరములు పెరుగకపోవుట మిక్కిలి విచారకరము. ఏలయన, తన మండలమున నెందరికి పరీక్షలు జరిగినవో, ఎందరికి వ్యాధి సోకినదో, ఏ ఆసుపత్రిలో పడక దొరకునో, ప్రాణవాయువు ఉన్నదో లేదో తెలియని కుటుంబము వదంతినే ప్రమాణముగా గైకొని, ఇరుగుపొరుగు వెలివేయుదురను భయమున జ్వరమును దాచి, వైద్యుని కడ కేగుటకు జాగుచేసి, ఊపిరి అందని దశలో పట్టణమునకు పరుగిడినది. ఆ జాగునకు మూల్యము ప్రాణమే. కావున ఇట్టి వ్యాధి ప్రబలినపుడు ప్రతి శాసనసభ్యుడును, పక్షభేదము పాటింపక, జిల్లా వైద్యాధికారినుండి వారమువారమును లెక్కలు గైకొని, రోగుల పేర్లు గోప్యముగ నుంచి, పంచాయతి కార్యాలయమున వ్రాయించి, ఊరూర దండోరా వేయించి, గూడెములలో కోయభాషలోనే చెప్పింపవలయును. సంఖ్య భయంకరమైనను తగ్గింపక చెప్పవలయును. ఆ లెక్కల నీయ నిరాకరించినచో సంబంధిత మంత్రిని శాసనసభలో నిలదీయవలయును.